దుబాయ్, షార్జా, అజ్మాన్ బీచ్‌లకు పోదామనుకునేవాళ్లకు: ఏ బీచ్, ఏ టైం, ఏం జాగ్రత్త?

మెట్‌పల్లి తమ్ముడు (సోనాపూర్, దుబాయ్)

అందరికి నమస్తే. నేను దుబాయ్‌కి వచ్చి కొన్ని నెలలే అయింది, సోనాపూర్‌ల కంపెనీ క్యాంపుల ఉంటున్న. మా రూంల ఉన్నోళ్లందరం జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల దిక్కు పోరగాళ్లమే. గల్ఫ్‌కి వచ్చినం గని గల్ఫ్ సముద్రంల ఇప్పటిదాకా కాలు పెట్టలే. ఆదివారం మాకు ఆఫ్. ఈ వారం అందరం కలిసి పోదామని అనుకుంటున్నం.

ఏ బీచ్‌కి పోతే మంచిది? పైసలు కట్టాల్నా? డ్యూటీ దిగినంక రాత్రి పోయి స్నానం చేసుడు నడుస్తదా? ఈత అయితే అందరికీ వస్తది, చిన్నప్పటి సంది వ్యవసాయ బాయిల దుంకి నేర్చుకున్నోళ్లం. మా ఫోర్‌మన్ అయితే ఇక్కడి సముద్రం చెరువు లెక్కనే ఉంటది, భయపడేది ఏం లేదు అంటున్నడు. తెలిసినోళ్లు చెప్పుండ్రి.

గోదారి గట్టు (బర్ దుబాయ్)

తమ్ముడూ, దుబాయ్‌లో కైట్ బీచ్, ఉమ్ సుఖీమ్, జుమేరా, జేబీఆర్ (జుమేరా బీచ్ రెసిడెన్స్) బీచ్‌లన్నీ ఉచితమే. మీకు కార్లు లేవు కాబట్టి జేబీఆర్ సులువు. సోనాపూర్ నుంచి బస్సులో ఎతిసలాత్ మెట్రో స్టేషన్‌కి రండి. అక్కడ గ్రీన్ లైన్ ఎక్కి, యూనియన్‌లో రెడ్ లైన్‌కి మారి, డీఎంసీసీ స్టేషన్‌లో దిగి ట్రామ్ పట్టుకోండి. నోల్ కార్డు ఒక్కటే, అన్నిటికీ అదే గీకచ్చు. ట్రామ్ దిగితే బీచ్ నడక దూరం. తాగే నీళ్లు మాత్రం ఇంటి దగ్గర్నుంచే పట్టుకెళ్లండి, అక్కడ కొట్లలో రేటు మండిపోద్ది.

రాత్రి సంగతి అడిగావు. దుబాయ్‌లో రాత్రి నీళ్లలో దిగడానికి విడిగా బీచ్‌లున్నాయి: జుమేరా 2, జుమేరా 3, ఉమ్ సుఖీమ్ 1 లాంటివి. ఈ మూడూ 2023లో తెరిచారు. పెద్ద పెద్ద ఫ్లడ్‌లైట్లు పెట్టారు, లైఫ్‌గార్డులు రాత్రంతా ఉంటారు. రాత్రి ఈతకి ఇలా విడిగా కేటాయించినవి తప్ప మిగతా ఏ బీచ్‌లోనూ చీకటి పడ్డాక నీళ్లలో దిగకూడదు, అక్కడ లైఫ్‌గార్డు సూర్యాస్తమయానికే దిగి వెళ్లిపోతాడు. ఇసుక మీద కూర్చుని కబుర్లు చెప్పుకోండి, ఎవరూ ఏమనరు.

ఈత మాస్టారు (షార్జా)

తమ్ముడూ, ఇక్కడ పిల్లలకీ పెద్దవాళ్లకీ ఈత నేర్పడమే నా పని. కొంచెం వివరంగా చెప్తాను, ఓపిగ్గా చదువు. మీ రూంలో వాళ్లకి కూడా చదివి వినిపించు.

బావి ఈతని నేను తక్కువ చేయను. పైనుంచి దూకి, మునిగి, అడుగు తాకి వచ్చేవాడికి ఊపిరి పట్టడం తెలుసు, నీళ్లంటే బెదురు ఉండదు. కానీ బావిలో నీళ్లు కదలవు. ఎటు ఈదినా నాలుగు బారల్లో మెట్టో దరో చేతికి అందుతుంది. అలసిపోతే పట్టుకుని నిలబడొచ్చు. సముద్రంలో పట్టుకోవడానికి ఏమీ ఉండదు, పైగా నువ్వు ఈదుతున్న నీళ్లే ఇంకో వైపు నడుస్తుంటాయి. బావిలో నేర్చుకున్నవాళ్లు చాలామంది తల పైకెత్తి చేతులు బలంగా కొడుతూ ఈదుతారు. ఆ ఈతకి దమ్ము తొందరగా అయిపోతుంది. వెల్లకిలా తిరిగి, చేతులు చాపి, కదలకుండా తేలడం మీలో ఎంతమందికి వచ్చు? ముందు నడుము లోతులో అది సాధన చేయండి. దూరం ఈదడం కంటే అదే ముఖ్యం.

మీ ఫోర్‌మన్ చెరువు లెక్క అన్నాడంటే దానికి కారణం ఉంది. ఈ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లే. చుట్టూ నేల, బయటి సముద్రంతో కలిపే దారి హోర్ముజ్ జలసంధి ఒక్కటే. అందుకని మామూలు రోజుల్లో మన విశాఖ ఆర్కే బీచ్‌లో వచ్చినట్టు పెద్ద అలలు రావు. ఆవిరైపోయే నీళ్లు ఎక్కువ, వచ్చి కలిసే నదులు తక్కువ, అందుకని ఉప్పు కూడా ఎక్కువే. మహాసముద్రంలో లీటరుకి 35 గ్రాములుంటే ఇక్కడ 40 గ్రాములు, కొన్ని చోట్ల ఇంకా పైనే. ఒళ్లు తేలిగ్గా తేలుతుంది. దాంతో ఈత సరిగ్గా రానివాడికి కూడా నాకు వచ్చేసింది అనిపిస్తుంది. అలా అనిపించే లోపలికి వెళ్లిపోతారు.

మూడు విషయాలు చూసుకోవాలి.

మొదటిది, గాలి. వాయవ్యం నుంచి వచ్చే గాలిని ఇక్కడ షమాల్ అంటారు. అది లేచిన రోజు ఇదే గల్ఫ్ పూర్తిగా మారిపోతుంది. నిన్న మోకాలి ఎత్తు అల లేని చోట ఇవాళ మనిషిని పడగొట్టే అలలు వస్తాయి. బయల్దేరే ముందు వాతావరణ కేంద్రం ఎన్‌సీఎం యాప్‌లో సముద్రం గురించి ఏం రాశారో చూడండి. రఫ్ అని ఉంటే ఆ వారం ఇసుక మీదే క్రికెట్ ఆడుకోండి.

రెండోది, అడుగు. దుబాయ్ తీరం చాలావరకు మనుషులు మార్చిన తీరం. 2001లో పామ్ జుమేరా అనే కృత్రిమ దీవి పని మొదలైంది, ఆ తర్వాత ఎన్నో చోట్ల సముద్రంలో ఇసుక తవ్వి తెచ్చి పోశారు, రాళ్ల కట్టలు కట్టారు. అందువల్ల అడుగు అన్నిచోట్లా నెమ్మదిగా లోతవ్వదు. నడుము లోతులో నడుస్తూ ఉంటే ఒకే అడుగులో మెడ దాటే చోట్లున్నాయి. కొత్త బీచ్‌లో తల ముందుకు పెట్టి దూకొద్దు. మెడ విరిగితే జీవితాంతం మంచమే.

మూడోది, రిప్ కరెంట్. ఒడ్డుకి వచ్చిన నీళ్లు మళ్లీ లోపలికి వెళ్లాలి కదా, ఒక్కోసారి అవన్నీ ఒక సన్నటి దారి చేసుకుని వేగంగా వెళ్తాయి. ఎక్కువగా రాళ్ల కట్ట పక్కనే ఇది కనిపిస్తుంది. దిగే ముందు ఒక ఐదు నిమిషాలు ఒడ్డున నిలబడి చూడండి. అటూ ఇటూ అలలు విరిగి తెల్లగా నురగ వస్తుంటుంది, మధ్యలో ఒక పట్టీ మాత్రం నురగ లేకుండా, ఇసుక కలిసి మసగ్గా, లోపలికి సాగుతున్నట్టు ఉంటుంది. అలలు లేవు కదా ఇక్కడ బాగుంది అని జనం సరిగ్గా అక్కడే దిగుతారు. గట్టి రిప్‌కి ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు.

జెండాలు గుర్తుపెట్టుకోండి. ఆకుపచ్చ అంటే ఫర్వాలేదు. పసుపు అంటే జాగ్రత్త, ఈత బాగా వచ్చినవాళ్లు కూడా ఒడ్డుకి దగ్గరగానే. ఎరుపు అంటే దిగొద్దు. ఊదా రంగు జెండా ఉంటే జెల్లీఫిష్ లాంటివి ఉన్నాయని. ఎరుపు, పసుపు రెండూ కలిసిన జెండాలు రెండు పాతి ఉంటే, లైఫ్‌గార్డు చూస్తున్న జాగా ఆ రెండింటి మధ్యే. అక్కడే దిగండి.

మెట్‌పల్లి తమ్ముడు (సోనాపూర్, దుబాయ్)

మాస్టారూ, చాలా మంచిగ చెప్పిండ్రు. రూంల అందరికీ చదివి వినిపించిన. ఇంకొక్కటి అడుగుత. ఒకవేళ ఆ రిప్‌ల పడితే ఏం చెయ్యాలె? పక్కోడు మునుగుతుంటే మేం దుంకి తీసుకురావచ్చునా? మా దాంట్ల ఒకడు మస్తు బలంగుంటడు, నేనున్న కదా అంటడు.

ఈత మాస్టారు (షార్జా)

రిప్ నిన్ను కిందికి లాగదు, లోపలికి మాత్రమే తీసుకెళ్తుంది. ముందు కొట్టుకోవడం ఆపాలి. వెల్లకిలా తేలాలి, ఒక చెయ్యి పైకెత్తి ఊపాలి. కొంత దూరం వెళ్లాక దాని బలం తగ్గుతుంది. ఓపిక ఉంటే ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈది, అలలు విరుగుతున్న చోటికి చేరి, అక్కడి నుంచి ఒడ్డు వైపు తిరగాలి. ఓపిక లేకపోతే తేలుతూ లైఫ్‌గార్డు కోసం ఆగాలి. నేరుగా ఒడ్డుకే ఈదుతానని మొండికేస్తే దమ్ము అయిపోతుంది, ప్రాణం పోయేది అప్పుడే.

రెండో ప్రశ్నకి నా జవాబు గట్టిగానే చెప్తున్నాను: దూకొద్దు. మునుగుతున్నవాడికి భయంలో ఏం చేస్తున్నాడో తెలియదు, దగ్గరికి వచ్చినవాడి మెడ పట్టుకుని పైకెక్కుతాడు. ఎంత బలమున్నా ఆ పట్టు విడిపించుకోవడం కష్టం. ఒకరి కోసం వెళ్లి ఇద్దరూ ముగ్గురూ పోయిన వార్తలు మన గోదావరి ఘాట్ల నుంచీ, ఊరి చెరువుల నుంచీ ఏటా చదువుతూనే ఉన్నాం.

మీ క్యాంపులో ఐదు గ్యాలన్ల నీళ్ల క్యాన్లుంటాయి కదా. ఖాళీది ఒకటి మూత గట్టిగా బిగించి, మెడకి పది పదిహేను మీటర్ల నైలాన్ తాడు కట్టి తీసుకెళ్లండి. ఆ క్యాను మనిషిని తేల్చి ఉంచగలదు. మునిగేవాడి తల మీదుగా అవతలికి విసరండి, తాడు వాడి చేతికి తగులుతుంది, నెమ్మదిగా లాగండి. మీరు ఒడ్డున పడుకునో కూర్చునో లాగాలి, నిలబడితే మీరే జారతారు. ఈలోగా ఒకరు లైఫ్‌గార్డుని పిలవాలి, ఇంకొకరు 999కి ఫోన్ చేయాలి. కోస్ట్‌గార్డు నంబరు 996, అంబులెన్స్ 998. ముగ్గురికీ ముందే పని పంచుకుని వెళ్లండి.

ఇంకొకటి. మునిగేవాడు అరవడు. నోరు నీటి మట్టానికి పైకీ కిందికీ పోతుంటే ఊపిరి పీల్చుకోవడానికే టైం చాలదు, కేక ఎక్కడ వేస్తాడు? తల వెనక్కి వాలి, నోరు తెరిచి, చేతులు రెండు పక్కలా నీళ్లని నొక్కుతూ, ఉన్నచోటే నిలువుగా ఉంటాడు. దూరం నుంచి చూస్తే ఆడుకుంటున్నట్టే ఉంటుంది. పిలిస్తే పలకకపోతే ఆలస్యం చేయొద్దు.

పాత గల్ఫ్ (దేరా, దుబాయ్)

నేను 1990లల్ల వచ్చిన. అప్పటి సంది మమ్జార్ల, జుమేరాల ఎన్ని శుక్రవారాలు గడిపినమో. శుక్రవారమే అప్పుడు సెలవు, 2022 సంది శని ఆదివారాలు అయినయి. లుంగీలు కట్టుకొని దిగినం, రాత్రి దిగినం, ఎవ్వలకు ఏం కాలే. గింతగనం భయపెడ్తే పోరగాళ్లు ఆఫ్ రోజు గూడ రూంలనే ఫోన్ చూసుకుంట పంటరు. క్యాంపుల బంకర్ బెడ్ మీద నాలుగు గోడల మధ్య ఉన్నోనికి సముద్రం గాలి ఎంత అవసరమో నాకు తెలుసు. ఇంటికాడ అప్పు, పెండ్లాం పిల్లలు యాదికొస్తే నేను పోయి నీళ్లకాడ కూసునేటోన్ని. మనసు తేలికైతది. పోరగాండ్లను పోనియ్యుండ్రి.

ఈత మాస్టారు (షార్జా)

అన్నా, మీరు చెప్పిన ఆఖరి మాటతో నాకు నూటికి నూరుపాళ్లు ఒప్పుదల. వాళ్లు వెళ్లాలి, వారం వారం వెళ్లాలి. నేను ఇంత రాసిందీ అందుకే. రాత్రి దిగడం, లుంగీతో దిగడం మాత్రం నేను ఒప్పుకోను. నూలు గుడ్డ నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, కాళ్లకి చుట్టుకుంటుంది. ఆడవాళ్ల చీరలు, చున్నీలు అయితే మరీ. లోదుస్తులతో దిగినా ఇక్కడ లైఫ్‌గార్డు బయటికి పిలుస్తాడు. ఒంటికి పట్టి ఉండే నైలాన్ నిక్కరు, టీషర్టు చాలు. మీ బ్యాచ్‌కి ఏం కాలేదు, సంతోషం. కానీ అప్పటి మమ్జార్‌కీ ఇప్పటి తీరానికీ కూడా చాలా తేడా ఉంది, కట్టలూ లోతులూ మారిపోయాయి.

పాత గల్ఫ్ (దేరా, దుబాయ్)

లుంగీ ముచ్చట నిజమే తమ్మీ, ఒప్పుకుంటున్న. నైలాన్ నిక్కర్లు దేరాల సస్తగ దొరుకుతయి. నాయిఫ్ దిక్కు చూసుకోండ్రి. ఆదివారం నేను గూడ ఖాళీగనే ఉంట. మెట్‌పల్లి తమ్మీ, మీరు పోయేటప్పుడు చెప్పు, నేను ఒడ్డుమీద మీ సామాన్లకాడ కూసుంట, కండ్లు నీళ్ల మీదనే ఉంచుత.

నర్సమ్మ (అజ్మాన్)

నేను ఎమర్జెన్సీ వార్డులో పనిచేస్తాను. మన వాళ్లందరికీ ఒక మాట గట్టిగా చెప్పాలి. నీళ్లలోంచి తీసిన మనిషిని బోర్లా పడుకోబెట్టి వీపు మీద నొక్కడం, కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం, ఇవేవీ చేయొద్దు. కడుపులో నీళ్లు బయటికొస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్తాయి, విలువైన నిమిషాలు పోతాయి. వెల్లకిలా పడుకోబెట్టండి. ఊపిరి లేకపోతే తల వెనక్కి వంచి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి ఊపిరి ఊదండి. మునిగినవాళ్లకి ముందు కావాల్సింది గాలి. తర్వాత ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా ముప్ఫైసార్లు నొక్కడం, రెండుసార్లు ఊదడం, అంబులెన్స్ వచ్చేదాకా ఇదే. మనిషి లేచి కూర్చుని నాకేం కాలేదు అన్నా సరే, దగ్గూ ఆయాసం ఉంటే ఆసుపత్రికి తీసుకురావాల్సిందే.

ఇక ఎండ. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని ఇక్కడ రూలుంది, మీకందరికీ తెలుసు. పనే ఆపించే ఎండలో బీచ్‌కి వెళ్లకండి. సముద్రంలో చల్లగా ఉంటుంది కదా అంటారు. ఆగస్టులో ఈ నీళ్లు 33, 34 డిగ్రీలు ఉంటాయి, ఒళ్లు చల్లబడదు. గాలిలో తేమ ఎక్కువైతే చెమట పడుతుంది గానీ ఆరదు, వేడి లోపలే ఉండిపోతుంది. తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, కాళ్లు పట్టేయడం మొదలైతే నీడకి వచ్చి ఓఆర్ఎస్ తాగండి. మనిషి తికమకగా మాట్లాడుతుంటే వడదెబ్బ తగిలినట్టే, వెంటనే 998. అంబులెన్స్ వచ్చేలోగా ఒంటి మీద నీళ్లు పోస్తూ విసరండి.

వేసవిలో అయితే పొద్దున్నే వెళ్లి ఎనిమిదిన్నర, తొమ్మిదికల్లా తిరిగిరండి, లేదా ఎండ వాలాక వెళ్లండి. హాయిగా ఉండేది నవంబర్ నుంచి మార్చి దాకా. రాత్రి మందు తాగి పొద్దున్న వెళ్లేవాళ్లకి డీహైడ్రేషన్ ముందే మొదలై ఉంటుంది, వాళ్లు నీళ్లలో దిగకపోవడం మంచిది.

గోదారి గట్టు (బర్ దుబాయ్)

నర్సమ్మగారూ, జెల్లీఫిష్ కుడితే ఏం రాయాలండీ? మా ఫ్రెండుకి పోయిన వేసవిలో తగిలింది, ఒకళ్లు నిమ్మకాయ అన్నారు, ఒకళ్లు ఇసుకతో రుద్దమన్నారు.

నర్సమ్మ (అజ్మాన్)

రుద్దకూడదండీ. చర్మానికి అంటుకున్న సన్నటి తీగల్లో ఇంకా పేలని విషపు గుళ్లు వేలల్లో ఉంటాయి. రుద్దితే, మంచినీళ్లు పోస్తే అవన్నీ పేలతాయి. సముద్రపు నీళ్లతోనే కడిగి, ఏటీఎం కార్డు అంచుతోనో పట్టకారుతోనో తీగల్ని ఎత్తి తీసేయండి. తర్వాత భరించగలిగినంత వేడి నీళ్లలో అరగంట పైన ఉంచితే నొప్పి తగ్గుతుంది. ఊపిరి ఆడకపోయినా, మొహం వాచినా ఆసుపత్రికి రావాలి.

టేకు చేప (స్టింగ్‌రే) ముల్లు గుచ్చుకుంటే కూడా వేడి నీళ్లే మందు. 45 డిగ్రీలు దాటకూడదు, కుట్టని చేతితో ముందు చూసుకుని పోయండి, లేకపోతే చర్మం కాలుతుంది. ముల్లు లోతుగా దిగి ఉంటే మీరు పీకొద్దు. ఈ చేపలు లోతు తక్కువ నీళ్లలో ఇసుక కప్పుకుని పడుకుంటాయి. అడుగు ఎత్తి వేయకుండా, ఇసుకలో పాదాలు ఈడుస్తూ నడిస్తే ఆ అదురుకి అవే తప్పుకుంటాయి. ఇది పిల్లలకి ఆటగా నేర్పొచ్చు.

అబుదాబి అమ్మ

పిల్లలున్నవాళ్ల కోసం రాస్తున్నాను. గాలి నింపే ఉంగరాలు, మొసలి బొమ్మలు, చిన్న పడవలు ఇక్కడ ప్రతి సూపర్ మార్కెట్లో దొరుకుతాయి. తెల్లవారుజామున, పొద్దున పూట గాలి ఎడారి వైపు నుంచి సముద్రం మీదికి వీస్తుంది. నీళ్లు అద్దంలా ఉంటాయి, ఆ గాలి మనకి తెలియను కూడా తెలియదు. పిల్లవాడు కూర్చున్న బొమ్మ మాత్రం మెల్లిగా లోపలికి జరిగిపోతుంది. మా పక్కింటివాళ్లు టిఫిన్ డబ్బా మూత తీసి ఇడ్లీలు వడ్డించేలోపు వాళ్ల బాబు బొమ్మ ఈత తాళ్ల గీత దాటేసింది. లైఫ్‌గార్డు బోర్డు వేసుకుని వెళ్లి తెచ్చాడు. మధ్యాహ్నం అయ్యాక గాలి తిరిగి సముద్రం నుంచి ఒడ్డుకి వస్తుంది. ఏ పూటైనా ఆ బొమ్మలు స్విమ్మింగ్ పూల్‌కే. సముద్రానికి సరైన లైఫ్ జాకెట్ కొనండి, కాళ్ల సందు నుంచి పట్టీ ఉండేది.

చెయ్యి చాపితే అందేంత దూరంలో పెద్దవాళ్లు ఒకరు ఉండాలి. నలుగురు పెద్దవాళ్లున్నా ఒకరు చూస్తున్నారులే అని ఇంకొకరు అనుకుంటే ఎవరూ చూడనట్టే. మేం వంతులు వేసుకుంటాం. వంతులో ఉన్నవాళ్ల ఫోన్ పక్కవాళ్ల బ్యాగులో ఉంటుంది.

భయాలు మాత్రమే కాదు, చూడాల్సినవీ ఉన్నాయి. సాదియాత్ తీరంలో హాక్స్‌బిల్ తాబేళ్లు గుడ్లు పెడతాయి, గూళ్లకి కంచె కడతారు. ఆస్ట్రేలియా తర్వాత డ్యూగాంగ్‌లు, అదే సముద్రపు ఆవులు, ఎక్కువగా ఉన్నది మా అబుదాబి నీళ్లలోనే. మీరు తిన్న చిప్స్ కవర్లు, బిర్యానీ డబ్బాల ప్లాస్టిక్ వాటి పొట్టల్లోకి వెళ్తుంది. పిల్లలకి అది చెప్పి, వచ్చేటప్పుడు వాళ్ల చేతే ఏరించి చెత్తబుట్టలో వేయించండి.

రాయచోటి బాషా (ఫుజైరా)

నేను ఈడ ట్యాక్సీ తోల్తాండా. అందురూ దుబాయ్ గురించే రాస్తాండారు, మా తట్టు కూడా రాండప్పా. ఖోర్‌ఫక్కాన్, అల్ అఖా, దిబ్బా, కల్బా, కొండా సముద్రం రెండూ ఒకేచోట ఉంటాయి. అల్ అఖాలో స్నూపీ ఐలాండ్ అని చిన్న రాతి దీవి ఉంది, నీళ్లలో కండ్లద్దాలు పెట్టుకుని చూస్తే రంగు రంగుల చేపలు, ఒగోసారి తాబేళ్లు కూడా కనపడతాయి.

అయితే ఇది ఆ గల్ఫ్ కాదు, ఒమాన్ గల్ఫ్. దీనికి అవతల అరేబియా సముద్రమే. ఒడ్డు నిటారుగా దిగుతుంది, నాలుగు అడుగులకే లోతు. జూన్ నుంచి ఆగస్టు దాకా మన దేశంలో నైరుతి వానలు పడేటప్పుడు ఆ అల ఈడిదాకా వస్తుంది. రాళ్ల కాడ నల్ల ముళ్ల బంతుల్లాంటి జీవులుంటాయి, వాటి మింద కాలు పెడితే ముల్లు ఇరిగి లోపలే ఉండిపోతుంది. రబ్బరు చెప్పులు ఏసుకోకుండా దిగొద్దండి.

నీళ్లు ఎర్రగానో, గోధుమ రంగులోనో ఉండి వాసన కొడుతుంటే దిగొద్దు. దాన్ని రెడ్ టైడ్ అంటారు. 2008లో వచ్చిందైతే 2009 దాకా పోలేదు. చేపలు చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చినాయి, ఉప్పునీళ్లు మంచినీళ్లు చేసే ప్లాంట్లు కూడా ఆపినారు.

మస్కట్ వాసి

బాషా భాయ్ మాటకి తోడు ఒకటి. ఒమాన్‌లో సలాలాకి వానాకాలంలో, అదే ఖరీఫ్‌కి, దుబాయ్ నుంచి బస్సులకి బస్సులు మనవాళ్లు వస్తారు. అక్కడి ముగ్‌సైల్ రాళ్ల మీద 2022 జూలైలో కంచె దాటి అల దగ్గరికి వెళ్లినవాళ్లని ఒకే అల లాక్కుపోయింది, వీడియో అందరి ఫోన్లకీ వచ్చింది. పిల్లలు కూడా ఉన్నారు అందులో. ఫొటో కోసం కంచె దాటొద్దు. ఆ చోట ఈత వచ్చినా ఉపయోగం లేదు, రాళ్లకేసి కొడుతుంది.

పీఆర్వో అన్న (షార్జా)

రూల్స్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నా. బీచ్‌లో పక్కవాళ్లని, ముఖ్యంగా ఆడవాళ్లని, అడగకుండా ఫొటో తీసినా, వాళ్లు పడేట్టు రీల్ చేసి పెట్టినా కేసే. 2021 సైబర్ నేరాల చట్టం కింద జైలు, లక్షన్నర దిర్హాంల నుంచి మొదలయ్యే జరిమానా, ఆపైన దేశం నుంచి పంపించేయడం కూడా ఉండొచ్చు. ఫొటో తీసుకోవాలంటే మీ బ్యాచ్ వెనక ఎవరూ లేకుండా చూసుకోండి. పబ్లిక్ బీచ్‌లో మందు నిషేధం. పొయ్యి పెట్టి కబాబులు కాల్చుకోవడం కేటాయించిన చోట తప్ప కుదరదు. పతాకా, అంటే ఎమిరేట్స్ ఐడీ కార్డు, దగ్గర ఉంచుకోండి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఒడ్డున ఉన్నవాళ్లకి ఇవ్వండి.

ఇంకా, పెద్ద వాన పడ్డాక కొన్ని రోజులు ఆగండి. 2024 ఏప్రిల్ 16న అల్ ఐన్ దగ్గర ఒక్కరోజులోపే 254 మిల్లీమీటర్లు కురిసింది, షార్జా వీధులు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. అలాంటి వాన తర్వాత వీధుల్లో మురుగు కలిసిన నీళ్లు ఎటో ఒకవైపు సముద్రంలోకే చేరతాయి.

మెట్‌పల్లి తమ్ముడు (సోనాపూర్, దుబాయ్)

అందరికీ చాలా థ్యాంక్స్ అన్నలు, అక్కలు. ఆదివారం పొద్దుగాల మొదటి మెట్రోకే పోతం. అక్కడ ఎన్ని రాళ్ల కట్టలున్నయో మొదలు చూసి, లైఫ్‌గార్డు ముందటనే దిగుతం. పాత గల్ఫ్ అన్నా, మీకు ఫోన్ చేస్త. క్యాను, తాడు తయారుగున్నయి. వెల్లకిల తేలుడు మా దాంట్ల ఇద్దరికే వస్తదని తేలింది, మిగిలినోళ్లకు నడుము లోతుల వాళ్లే నేర్పుతరు.

ఈత మాస్టారు (షార్జా)

బాగుంది తమ్ముడూ. ఆదివారం సెలవు రోజు కాబట్టి మొదటి మెట్రో కొంచెం ఆలస్యంగా బయల్దేరుతుంది, టైం ముందు చూసుకో. ఖోర్ నోళ్ల దగ్గర, అంటే ఉమ్ అల్ ఖువైన్, అజ్మాన్ వైపు సముద్రపు పాయ లోపలికి వచ్చే చోట్ల, ఎప్పుడు వెళ్లినా దిగొద్దు. ఆటు సమయంలో పాయలో నీళ్లన్నీ ఆ సందులోంచే బయటికి పోతాయి.

కొత్త కోడలు (అల్ నహ్దా, షార్జా)

నాదొక చిన్న సందేహం. మా అత్తయ్యగారు రాజమండ్రి నుంచి వచ్చే నెల వస్తున్నారు. షుగర్ ఉంది, మోకాళ్ల నొప్పులు. సముద్రంలో కాళ్లు తడుపుకోవాలని ఆవిడకి ఎంతో కోరిక. తీసుకెళ్లొచ్చా? అజ్మాన్ కార్నిష్, అంటే అక్కడి సముద్రపు ఒడ్డు, దగ్గరే మాకు.

నర్సమ్మ (అజ్మాన్)

తప్పకుండా తీసుకెళ్లమ్మా. సాయంత్రం ఎండ వాలాక, అలలు లేని రోజు చూసి వెళ్లండి. షుగర్ ఉన్నవాళ్లకి పాదాల్లో స్పర్శ తక్కువగా ఉంటుంది, కాలే ఇసుక మీద నడిచినా, గవ్వ గీసుకున్నా ఆవిడకి తెలియకపోవచ్చు. అందుకని నీళ్లలో కూడా వేళ్లు కప్పే మెత్తటి బీచ్ బూట్లు వేయించండి. కాలికి పుండు గానీ పగులు గానీ ముందే ఉంటే ఈసారికి ఒడ్డున కుర్చీ వేసి కూర్చోబెట్టండి. వెచ్చటి సముద్రపు నీళ్లలో విబ్రియో అనే బ్యాక్టీరియా ఉంటుంది, షుగర్, లివర్ జబ్బులున్నవాళ్లకి గాయం ద్వారా ఎక్కితే త్వరగా ముదురుతుంది. చీర మోకాళ్ల పైకి దోపించి, మీరు ఒకవైపు, మీవారు ఒకవైపు పట్టుకోండి. చీలమండ లోతు చాలు.

ఇంటికొచ్చాక మంచినీళ్లతో కడిగి, తడి తుడిచి, వేళ్ల సందులూ అరికాళ్లూ లైటు కింద చూడండి. గీత కనిపిస్తే సబ్బుతో కడగండి. కొన్ని గంటల్లో ఎర్రబడి వాచినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకురండి, సముద్రంలో దిగిన సంగతి డాక్టర్‌కి ముందే చెప్పండి. విజిట్ వీసా మీద వస్తున్నారు కాబట్టి ఇన్సూరెన్స్ కాగితం మీ ఫోన్‌లో ఉంచుకోండి.